డాక్టర్ సలహా: చెవిలో గుయ్యిమనే హోరు.. హైవే వల్లేనా?

ప్రశ్న: నా వయసు 46. గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఏడాది క్రితం మద్దిలపాలెంలో హైవే పక్క అపార్ట్‌మెంట్‌లోకి మారాం. అప్పటి నుంచి పడుకోగానే రెండు చెవుల్లో గుయ్యిమంటోంది. నిద్ర పట్టడం లేదు. బీపీ 140/90 ఉంటోంది. అర్ధరాత్రి కూడా బెడ్‌రూమ్‌లో ఫోన్ యాప్ 60 డెసిబుల్స్ చూపిస్తోంది. ట్రాఫిక్ వల్ల చెవుడు వస్తుందా? ఇల్లు మారమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇంటి సంగతి తర్వాత. ముందు మీ షెడ్డు గురించి చెప్పుకోవాలి. మీరు ఒక్క ముక్కలో దాటేశారు గానీ, చెవి విషయంలో నా అనుమానం దాని మీదే. బెడ్‌రూమ్‌లో వినిపించే 60 డెసిబుల్స్‌కి చెవుడు రాదు. 85 డెసిబుల్స్ మోతలో రోజూ ఎనిమిది గంటలు ఉంటే చెవికి ముప్పు. మోత మూడు డెసిబుల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగానికి పడిపోతుంది. అలా 100 డెసిబుల్స్ దగ్గర మిగిలేది పావుగంటే. ఇనుము మీద గ్రైండర్ పెట్టినప్పుడు ఆ స్థాయి దాటడం మామూలే. చెవి లోపలి సన్నని కణాలు ఏళ్ల తరబడి దెబ్బతింటాయి, మళ్లీ పుట్టవు. పగలు షెడ్డు మోతలో తెలియని హోరు రాత్రి పడుకున్నాక బయటపడుతుంది. దాంతో నింద కొత్త ఇంటి మీద పడింది.

ఆడియోమెట్రీ, అంటే ఏ శబ్దం ఎంత మేరకు వినిపిస్తోందో కొలిచే వినికిడి పరీక్ష చేయించుకోండి. వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఆదివారం షెడ్డుకు సెలవైతే సోమవారం ఉదయమే వెళ్లండి. చెవికి ముందు పదహారు గంటలైనా విశ్రాంతి ఉంటేనే ఫలితం సరిగ్గా వస్తుంది. మోత వల్ల వచ్చిన లోపమైతే ఆ పరీక్ష గ్రాఫ్ సాధారణంగా 4,000 హెర్ట్జ్ (కీచుగా వినిపించే శబ్దాల స్థాయి) దగ్గర గుంటలా దిగుతుంది. ఈ హోరును పూర్తిగా తీసేసే మాత్ర ఏదీ లేదు. రాత్రి గదిలో ఫ్యాన్ శబ్దం ఉంటే కొంత మరుగున పడుతుంది. ఇక నుంచి గ్రైండర్ ఆన్ చేసే ముందే చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్ పెట్టుకోండి. దూది పనికిరాదు. వెల్లుల్లి కాచిన నూనె అసలే వద్దు.

నిద్ర, బీపీ విషయంలో మాత్రం హైవేని తప్పుపట్టవచ్చు. ‘కొన్నాళ్లకు అలవాటైపోతుంది’ అని చాలామంది అంటారు. మెలకువ రాకపోయినా లారీ హారన్ మోగిన ప్రతిసారీ గుండె వేగం, బీపీ కాసేపు పెరుగుతూనే ఉంటాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, అదీ ఇంటి బయట కొలిస్తే. వాణిజ్య ప్రాంతమైతే 55. మీ గది లోపలే 60 అంటే ఎక్కువే. కాకపోతే ఫోన్ యాప్ అంకెను అక్షరాలా నమ్మకండి, తేడా చూడటానికే వాడండి. ఫోన్‌ను దిండు పక్కన పెట్టి కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, వెనకవైపు గదిలో ఒకసారి కొలవండి. వెనక గదిలో పది తగ్గినా శబ్ద శక్తి పదో వంతుకు పడిపోయినట్టే. ఇల్లు మారేకంటే మంచం మార్చడం తేలిక కదా! స్లైడింగ్ కిటికీ సందులకు రబ్బరు పట్టీ వేయించండి. కర్టెన్లతో పెద్దగా లాభం ఉండదు.

నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు, బహిరంగంగా మైకు పెట్టకూడదు. మైకు గోల ఉంటే 112కి చెప్పండి. లారీల విషయంలో అది అంత తేలిగ్గా తెమలదు.

వారం రోజులు ఉదయం, సాయంత్రం బీపీ రాసి పెట్టుకుని ఫిజీషియన్‌కి చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా, కళ్లు తిరిగినా, హోరు ఒక్క చెవికే పరిమితమైనా, గుండె చప్పుడులా కొట్టుకున్నా సోమవారం దాకా ఆగకండి. హఠాత్తుగా వచ్చిన చెవుడుకు మందు తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. అన్నట్టు, షెడ్డులో మీతోపాటు గ్రైండర్ పట్టే కుర్రాళ్లకీ ఆడియోమెట్రీ చేయించండి. వాళ్లకింకా హోరు మొదలై ఉండకపోవచ్చు.