మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం ఎలా రాయాలి

చిరంజీవి సత్యానికి చిన్నాయన ఆశీస్సులు.

మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఏ భూమి దేనికి వాడాలో జోన్లుగా గీసిన పటంలో, మన పొలాలు ఏవేవో జోన్లలో పడ్డాయని, ఊరంతా టెన్షన్‌లో ఉందని ఫోన్‌లో చెప్పావు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఇలాంటి ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ని కదా, లోపల కూర్చున్నవాళ్లకు మన కాగితం ఎలా కనబడుతుందో చెబుతాను.

ఆఫీసు గోడకు తగిలించిన ఫ్లెక్సీ ఒక్కటే చూసి ఏదీ ఖాయం చేసుకోకు. గ్రామ నక్షా పట్టుకెళ్లి చెరువు కట్ట, బండ్ల బాట, వాగు లాంటి గుర్తులతో మన సర్వే నంబరు ఎక్కడ పడిందో పోల్చుకో. రంగుల దగ్గర జాగ్రత్త. మామూలుగా పసుపు ఇళ్లకు, ఊదా పరిశ్రమలకు. పచ్చ మాత్రం రెండు రకాలు: లేత పచ్చ వ్యవసాయం, ముదురు పచ్చ రిక్రియేషన్, అంటే పార్కులు, ఆటస్థలాలు. "మనది గ్రీన్ జోనేలే" అని నిమ్మళంగా ఇంటికి పోయిన రైతులను చూశాను. వాళ్లది పార్కు పచ్చ. పట్టా వాళ్ల పేరు మీదే ఉంటుంది, దున్నుకోవచ్చు కూడా. కానీ రేపు అందులో కొడుక్కి ఇల్లు కట్టాలంటే పర్మిషన్ రాదు, అవసరానికి అమ్ముదామంటే ధర పలకదు. మ్యాపు మూలన ఉండే రంగుల పట్టీ చూడనిదే బయటికి రాకు.

జోన్ మారినంత మాత్రాన భూమి మున్సిపాలిటీది అయిపోదు. తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది, నోటీసు ఉంది, పరిహారం ఉంది. ఈ మాట నలుగురికీ చెప్పు. బయానా పైసలు జేబులో పెట్టుకుని ఈ భయం మీదే బేరాలాడే బ్రోకర్లు ఈపాటికి ఊళ్లో తిరుగుతూనే ఉంటారు.

ఇక అభ్యంతరం సంగతి. వంద సంతకాలతో ఒకే అర్జీ పెడదామని మీవాళ్లు అంటున్నారు కదా. పెట్టండి, కానీ దానితో సరిపెట్టుకోవద్దు. ఫైల్లో వంద సంతకాల అర్జీ ఒక్క కాగితమే, ఒక్క వరుసలో జవాబు రాసి పక్కన పెడతారు. ఎవరి సర్వే నంబరుకు వాళ్లు విడిగా రాస్తే ప్రతిదానికీ జవాబు చెప్పాలి. తాతల నాటి భూమి అన్న బాధ ఒక ముక్కలో చాలు. మిగతాదంతా లెక్క ఉండాలి: విస్తీర్ణం ఎంత, ఏ చెరువు ఆయకట్టు, బోరు ఉందా, ఏడాదికి ఎన్ని పంటలు. పాసు పుస్తకం, పహాణీ (సాగు రికార్డు) నకళ్లు, పంట ఉన్నప్పటి ఫొటో జత చెయ్యి. ఆఫీసులో కూర్చుని చూసేవాళ్లకు ఎండాకాలం పొలం ఉత్త ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది!

"రద్దు చేయాలి" అని వదిలెయ్యకు, ఏం కావాలో అడుగు. "ఫలానా నంబరును వ్యవసాయ జోన్‌గా ఉంచాలి" అని రాయి. మడి మధ్యలోంచి రోడ్డు గీస్తే, పక్కనున్న బండ్ల బాటను వెడల్పు చేయొచ్చని నక్షా మీద గీసి చూపించు. కమిషనర్ పేరున రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకో. వాట్సాప్‌లో పంపితే లెక్కలోకి రాదు. గడువు మామూలుగా 60 రోజులు. నోటీసులో తేదీ నువ్వే చూసుకో.

ధర్నా వద్దనను. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రోడ్డెక్కారు, చివరికి కౌన్సిలే ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది. అక్కడ తీర్మానం చేసింది కౌన్సిలర్లని గుర్తుపెట్టుకో. మన వార్డు కౌన్సిలర్‌ను మీటింగ్‌కు ముందే కలిసి, నక్షా ముందేసి మాట్లాడు. ఫైలు కౌన్సిల్ నుంచి హైదరాబాద్ వెళ్లి జీవో అయ్యిందంటే, తర్వాత ఒక్క నంబరుకు ల్యాండ్ యూజ్ మార్పించుకోవడానికి చెప్పులు అరిగిపోతాయి.

మీ బావమరిది "నాలా చేయించేస్తే గొడవే ఉండదు" అంటున్నాడట. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం. అది రెవెన్యూ వాళ్ల పని, జోన్ ప్లానింగ్ వాళ్ల పని. నాలా అయినంత మాత్రాన పార్కు జోన్‌లో ఇంటికి పర్మిషన్ రాదు. పైగా వ్యవసాయం కాదని మనమే రాసిచ్చినట్టవుతుంది, రైతు భరోసా కూడా ఆగుతుంది. పొలం ఉంచుకోవాలని అడుగుతూ ఆ పని చేయకూడదు.

ఆదివారం పాసు పుస్తకం, నక్షా తీసుకుని రా. పాత పహాణీ నకళ్లు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, తీసి పెడతాను. చిన్నమ్మ పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రమ్మంటోంది.

మీ చిన్నాయన