ఇంట్లో చదివించడానికి పర్మిషన్ ఎవరూ ఇవ్వరు, కాగితాలు మాత్రం అందరూ అడుగుతారు

మీరు అడిగింది రెండు ముక్కలు. ఐదో తరగతి పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలంటే ప్రభుత్వానికి ఏమైనా రాసివ్వాలా, ప్రభుత్వం నుంచి సాయం ఏమైనా వస్తుందా అని. మాది తెనాలి. మా వాణ్ణి 2022లో ఆరో తరగతి అయ్యాక మాన్పించాం. ఆదివారం రాత్రయితే కడుపునొప్పి, సోమవారం పొద్దున వాంతులు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, కడుపులో ఏమీ లేదు, బడి సంగతి చూసుకోండమ్మా అన్నాడు. అక్కడ మొదలైంది మా కథ.

పర్మిషన్ సంగతి ముందు. ఇంట్లో చదివించే పిల్లల్ని నమోదు చేసుకునే ఆఫీసు మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, కానీ చేర్చకపోతే వాళ్లకు ఫలానా శిక్ష అని ఎక్కడా రాయలేదు. జరిమానాలున్నది గుర్తింపు లేకుండా బడి నడిపేవాళ్లకు. అందుకే ఒక జాగ్రత్త: పక్కింటి పిల్లల్నీ పోగేసి, ఫీజు తీసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపితే అది మీ ఇంటి చదువు కాదు, గుర్తింపు లేని బడి. లక్ష దాకా జరిమానా. మీ పాప వరకే అయితే ఎవరూ మీ మీద కేసు పెట్టరు.

అయితే కేసు లేకపోయినా మనిషి వస్తాడు. 2023లో జీఈఆర్ సర్వే అని, బడి ఈడు పిల్లల్లో ఎవరు బడిలో ఉన్నారో ఎవరు లేరో లెక్క తీయడానికి మా వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. వాలంటీరమ్మాయి, వెనకాల సీఆర్పీ, అంటే చుట్టుపక్కల బడుల వివరాలు చూసే విద్యాశాఖ మనిషి. మావాడు అరుగు మీద కూర్చుని వాళ్ల నానమ్మతో పాల లెక్క తేలుస్తున్నాడు. నెలలో నాలుగు రోజులు పాలు రాలేదు, ఆ డబ్బు తగ్గించాలా వద్దా అని పెద్ద పంచాయితీ. సీఆర్పీ గారు ఫోన్లో మావాడి పేరు తీసి, "డ్రాప్‌బాక్స్‌లో చూపిస్తోందండీ" అన్నారు. టీసీ తీసుకుని ఇంకో బడిలో చేరని పిల్లల పేర్లన్నీ యూడైస్‌లో, అంటే దేశంలోని బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, ఆ ఖాతాలోకి పోతాయట. "కారణం ఏం పెట్టమంటారు? వలస వెళ్లారా, పనికి వెళ్తున్నాడా, ఒంట్లో బాగోదా?" ఇంట్లో చదువుతున్నాడు అన్నాను. ఆ మాటకు అక్కడ గడి లేదు. పాపం ఆయన అటూ ఇటూ జరిపి, చివరికి "ఇతరములు" నొక్కి, మా అత్తగారిచ్చిన మజ్జిగ తాగి వెళ్లారు. మళ్లీ ఏడాది ఇంకొకరు, అదే ప్రశ్న. అప్పటికి నేనొక ఫైలు తయారు చేసి గూట్లో పెట్టా: జనన ధృవీకరణ పత్రం, టీసీ, ఆధార్, వాడి నోటు పుస్తకాలు రెండు. అవి చూపిస్తే మాట్లాడటం తేలిక.

టీసీ దగ్గర మేం దెబ్బతిన్నాం. వాడు చదివిన ప్రైవేటు బడి, పై ఏడాది మొదటి టర్ము ఫీజు కడితేగానీ ఇవ్వమంది. మా ఆయన విసుగెత్తి సగం కట్టి తెచ్చుకున్నారు. తర్వాత తెలిసింది, ఎప్పుడైనా తిరిగి ప్రభుత్వ బడిలో చేర్చాలంటే టీసీ లేదని హెడ్మాస్టరు ఆపకూడదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి అని చట్టంలోనే ఉందని. మీ పాపకు ఇల్లు నప్పకపోతే వెనక్కి వెళ్లే దారి అదే. మనసులో పెట్టుకోండి, ధైర్యంగా ఉంటుంది.

సాయం అంటారా, మామూలు పిల్లలకు పైసా రాదు. మా ఆంధ్రలో తల్లుల ఖాతాలో డబ్బు వేసే పథకాలు, అప్పట్లో అమ్మఒడి, ఇప్పుడు తల్లికి వందనం, ఏదైనా బడిలో పేరుండాలి, 75 శాతం హాజరుండాలి. యూనిఫారం, మధ్యాహ్న భోజనం సరేసరి. మాకు దొరికిందల్లా ప్రభుత్వ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉండే ఆ పుస్తకాలు, నిజం చెప్పాలంటే, మేం డబ్బు పోసి కొన్న వాటికన్నా నయం.

నిజంగా సాయం ఉన్నది తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు. 2012 సవరణతో వాళ్లకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు వచ్చింది. మా తమ్ముడి కూతురికి సెరిబ్రల్ పాల్సీ. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం నుంచి ఐఈఆర్పీ మేడమ్, అంటే ప్రత్యేక టీచరు, ఇంటికొచ్చి చెబుతారు, ఫిజియోథెరపీ కేంద్రంలో చేస్తారు. మీ పాపది అలాంటి ఇబ్బందైతే వైకల్య ధ్రువీకరణ పత్రం తీసుకుని నేరుగా మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు వెళ్లండి.

ఇక పదో తరగతి. మీది కరీంనగర్ అన్నారు కాబట్టి బడికి వెళ్లకుండా పరీక్ష రాయడానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఒకటి, కేంద్రానిది ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఒకటి. రెంటికీ 14 ఏళ్లు నిండాలి, అంతకు ముందు ఎంత తెలివైన పిల్లైనా కుదరదు. ఎన్‌ఐఓఎస్‌లో ఎనిమిది పాసైన కాగితం లేకపోతే, చదవగలడని మనమే రాసిచ్చే ధ్రువీకరణ చాలు. ఐదు సబ్జెక్టులు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. తెలుగు మీడియం కూడా ఉంది. మావాడు 2025 అక్టోబరులో రాశాడు. సైన్సు ప్రాక్టికల్స్ మాత్రం ఇంట్లో కుదరవు, స్టడీ సెంటరుకు వెళ్లాల్సిందే. బ్యూరెట్ పట్టుకోవడం వాడికి అక్కడే మొదటిసారి, చేతులు వణికాయన్నాడు. ఓపెన్‌లో ఇంటర్ చేసినవాళ్లు మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ రాయొచ్చా అనే తగువు 2024లో సుప్రీంకోర్టులో తేలింది, రాయొచ్చు.

ఎవరూ చెప్పని సంగతి లోకల్, నాన్‌లోకల్. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో అందరూ స్టడీ సర్టిఫికెట్లు పెడతారు, మన పిల్లల దగ్గర అవి ఉండవు. బడికి వెళ్లకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు ఏడేళ్ల నివాస ధ్రువీకరణ పత్రం తహసీల్దారు నుంచి తేవాలి. మధ్యలో అద్దె ఇల్లు మారి ఊరు మారితే అక్కడ చిక్కు. కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, అద్దె కాగితాలు ఏ ఏడాదివి ఆ ఏడాది దాచండి. మెడికల్ సీట్లకు తెలంగాణలో లెక్క వేరు, ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోవాలి.

మీరింకా టీసీ తీసుకోలేదంటున్నారు కదా. తీసుకునే రోజు అక్కడే కూర్చుని పాప పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి, పెన్ నంబరు (యూడైస్‌లో ప్రతి పిల్లకీ ఇచ్చే శాశ్వత నంబరు) వేశారో లేదో చూడండి. మావాడి టీసీలో ఇంటిపేరు తప్పు పడింది. దాన్ని దిద్దించడానికి ఆ బడికే నాలుగుసార్లు తిరిగాను.