దావోస్ స్టాలా, ఊళ్లో ల్యాబా?

ప్రశ్న: సర్, మాది భీమవరం దగ్గర పల్లెటూరు, వనామి రొయ్య సాగు చేస్తాను. ఎగుమతులు పెంచుతామంటూ ప్రభుత్వాలు పాలసీలు తెస్తాయి, మంత్రులు దావోస్ వెళ్లొస్తారు. ఖర్చంతా మన పన్నులే కదా! విదేశీ వ్యాపారం కేంద్రం పని అయినప్పుడు రాష్ట్రం ఎందుకు పెట్టాలి? చివరికి బాగుపడేది ఎక్స్‌పోర్టర్లే కదా?

జవాబు: ముందు ఒక మాట. దావోస్‌లో రొయ్యలు కొనేవాళ్లుండరండీ. అక్కడికి వెళ్లేది పెట్టుబడుల కోసం, ఎగుమతుల కోసం కాదు, ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం మన నాయకులకు అలవాటు. కొనేవాళ్లు కనిపించేది బోస్టన్‌లో ఏటా జరిగే సీఫుడ్ ఎక్స్‌పోలో. అక్కడ సొంతంగా స్టాల్ పెట్టుకునే స్తోమత చిన్న ఎగుమతిదారుకు ఉండదు కాబట్టి సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా లాంటిది తోడు ఉండాల్సిందే, దాన్ని దండగ అనను.

ఇక కేంద్రం సంగతి. విదేశీ వాణిజ్యం, కస్టమ్స్ రెండూ కేంద్ర జాబితాలోవే, అమెరికా సుంకం వేస్తే మాట్లాడాల్సింది ఢిల్లీయే. కానీ రొయ్య పెరిగేది ఢిల్లీలో కాదు గదా. భూమి, నీళ్లు, చెరువు దాకా వెళ్లే రోడ్డు రాష్ట్రం చూసుకోవాల్సినవి. ఆ మాటకొస్తే చేపలు, రొయ్యల సాగుకని గుర్తించిన ఆక్వా జోన్‌లో, చెరువు నీళ్లకు గాలి అందించే మీ ఏరేటర్లకు యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చే కరెంటు కూడా ఎగుమతుల మీద పెట్టిన ఖర్చే, కాకపోతే బడ్జెట్‌లో ఆ పేరుతో కనిపించదు. విమాన టికెట్ల మీద అరిచేవాళ్లు ఈ పద్దు జోలికి రారు.

ఒకప్పుడు ఈ పనికి కేంద్రం నుంచి విడిగా డబ్బు వచ్చేది. ఎగుమతులకు కావాల్సిన వసతులు కట్టుకోమని 2002లో మొదలుపెట్టిన అసైడ్ పథకంలో 80 శాతం నిధులు రాష్ట్రాలకే, ఎవరి ఎగుమతులు ఎంత, ఎంత పెరిగాయి అన్న లెక్కన. 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచడంతో, ఇక మీరే చూసుకోండని 2015లో దానికి చేయూత ఆపేశారు. 2017లో అలాంటి వసతులకే టైస్ అని ఇంకో పథకం తెచ్చారు: మూడేళ్లకు 600 కోట్లు, దేశం మొత్తానికి! ప్రాజెక్టు ఈక్విటీలో, అంటే అప్పు కాకుండా పెట్టే సొంత పెట్టుబడిలో, మామూలుగా సగం దాకా, అదీ 20 కోట్లు మించకుండా ఇస్తామన్నారు. మిగతాది ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

నన్నడిగితే రాష్ట్రం డబ్బు ముందు ల్యాబులకు పోవాలి. పట్టుబడికి ముందు మీ చెరువు రొయ్యను ఎలీసా పరీక్షకు ఇస్తారు చూడండి, నిషేధించిన యాంటీబయాటిక్ మందులు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడ ఉందా అని, అంతా అక్కడే తేలాలి. అక్కడ తేలకుండా యూరప్ రేవులో తేలితే కంటైనర్ వెనక్కొస్తుంది, ఒకడి చెరువులో వాడిన మందుకు అందరి సరుకు మీదా అనుమానం పడుతుంది. 2016లో మన కన్‌సైన్‌మెంట్లలో సగం వాటికి యూరప్‌లో పరీక్షలు పెట్టింది అందుకే. ఊళ్లో ఉన్న చెరువులన్నింటికీ ఉపయోగపడే ల్యాబును ఏ ఒక్క ఎక్స్‌పోర్టరూ సొంత జేబులోంచి కట్టడు.

ఎక్స్‌పోర్టర్లే బాగుపడతారన్న దాంట్లో నిజం లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించాడో లేదో ఇక్కడ కౌంట్ రేట్లు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు, కోసేశారు, సుంకాలు 50 శాతానికి చేరింది మాత్రం ఆగస్టు 27న. కాబట్టి సర్కారు రాయితీ తీసుకున్న ప్రతి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటూ 30 కౌంట్ నుంచి 100 కౌంట్ దాకా ఏ రోజు రేటు ఆ రోజు గేటు ముందు బోర్డు మీద రాయాలని షరతు పెట్టమనండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మా గుంటూరు మిర్చి విదేశాలకు వెళ్తే రాష్ట్రానికి జీఎస్టీ వస్తుందా?

జవాబు: రాదు. ఎగుమతులకు సున్నా రేటు, ముందు కట్టిన పన్ను కూడా రీఫండ్ ఇస్తారు. రాష్ట్రానికి నేరుగా మిగిలేది యార్డులో మార్కెట్ సెస్. మిగతాదంతా హమాలీ, కోల్డ్ స్టోరేజీ కూలీ, రైతు ఆ డబ్బుతో ఇక్కడే ఏదైనా కొన్నప్పుడు వచ్చేదే. ఎగుమతుల మీద ఖర్చంటే ఆర్థిక శాఖలు ముఖం ముడుచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చేసింది. ఇక రాష్ట్రం పెట్టాల్సిందేముంది?

జవాబు: బోర్డు కేంద్రానిది. కాడి (పొడుగు కొమ్ము) అయినా గోళ (గుండ్రటి దుంప) అయినా ఉడకబెట్టి ఆరబోసేటప్పుడు వాన పడితే బూజు పడుతుంది, అలాంటి పసుపును ఏ దేశమూ కొనదు. సిమెంటు కళ్లాలు, టార్పాలిన్లు, యార్డులో షెడ్లు... వీటికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు, మీ మార్కెట్ కమిటీని అడగండి.