గోల్ఫ్ కూడా ఒక వ్యాయామమేనా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి నిరుడు రిటైరయ్యాను. బీపీ ఉంది, షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను, నడుం నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. మా అల్లుడు గోల్ఫ్ నేర్చుకుంటూ నన్నూ రమ్మని ఒకటే పోరు. నిలబడి బంతి కొట్టే ఆట, అదీ డబ్బున్నవాళ్ల ఆట, దానివల్ల ఒంటికి ఏం ఒరుగుతుంది?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బంతి కొట్టడం వల్ల పెద్దగా ఏమీ ఒరగదండీ. ఒక ఆటలో వందసార్లు కొట్టినా, ఆ కొట్టే సమయమంతా కలిపితే కొద్ది నిమిషాలే. లాభమంతా కొట్టిన బంతి దగ్గరికి నడిచి వెళ్లడంలోనే ఉంది. ఒక ఆటంటే 18 హోల్స్, అంటే బంతిని ఒకదాని తర్వాత ఒకటిగా 18 గుంటల్లో వేయాలి. అవి పూర్తయ్యేసరికి ఆరేడు కిలోమీటర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే నడుస్తారు, అదీ నాలుగు గంటలపాటు, గడ్డి మీద, ఎత్తుపల్లాల్లో. పార్కులో అంత దూరం నడవమంటే రెండో రౌండుకే మనకి ఇంట్లో పనులు గుర్తొస్తాయి. ఇక్కడ బంతి ఎక్కడో పడి ఉంటుంది కాబట్టి వెళ్లక తప్పదు.

స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు 3 లక్షల మంది గోల్ఫర్ల వివరాలు పరిశీలించి 2008లో ఓ లెక్క బయటపెట్టారు. అదే వయసు, అదే ఆర్థిక స్థాయి ఉన్న మిగతావాళ్లకంటే వీళ్లలో మరణాల రేటు 40 శాతం తక్కువ, అంటే ఆయుష్షు దాదాపు 5 ఏళ్లు ఎక్కువన్నమాట. డబ్బున్నవాళ్లు కదా అంటారేమో, శారీరక శ్రమ చేసే ఉద్యోగుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ కనిపించింది. అదంతా గోల్ఫ్ మహిమేనని మాత్రం నేననను, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే కదా అసలు ఆటకొచ్చేది! ఫిన్లాండ్‌లో 65 దాటినవాళ్లతో చేసిన పరిశోధన మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. చేసింది పాతిక మందితోనే అనుకోండి, కానీ ఒక్క ఆట, అంటే 18 హోల్స్ ఆడాక వాళ్ల షుగర్, రక్తంలో కొవ్వులు 6 కిలోమీటర్ల మామూలు నడక తర్వాత కంటే మెరుగ్గా ఉన్నాయి.

ఇక మనసు సంగతి. మూడడుగుల దూరంలో హోల్ ఉంటుంది, దాని వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి అందులో సగం కూడా ఉండదు, చిన్నపిల్లాడైనా వేసేస్తాడనిపిస్తుంది. తీరా కర్ర పట్టుకుని నిలబడితే చేతులు బిగుసుకుపోతాయి. ఆ క్షణంలో పెన్షన్ గొడవా గుర్తుకు రాదు, పక్కింటివాళ్ల పార్కింగ్ గొడవా గుర్తుకు రాదు. గురి తప్పిందా, నవ్వేసి తోటివాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ తర్వాతి హోల్‌కి నడవడమే. రిటైరయ్యాక అన్నిటికంటే ముందు తగ్గేవి ఆ కబుర్లే. స్కోరు మరీ మనసుకు పట్టించుకుంటే మాత్రం తగ్గాల్సిన టెన్షన్ రెట్టింపవుతుంది.

మీ నడుం గురించే నా భయం. సరదాగా ఆడేవాళ్లకి ఎక్కువగా దెబ్బతినేది అదే, ఆ తర్వాత మోచెయ్యి. మొదటిరోజే డ్రైవింగ్ రేంజ్‌లో, అంటే బంతి కొట్టడం సాధన చేసే చోట నిలబడి బుట్టెడు బంతులు బలంకొద్దీ బాదకండి. కాసేపు నడిచి, ఒళ్లు కదిలించి, చిన్న షాట్లతో మొదలుపెట్టండి, బ్యాగు భుజాన వేసుకోకుండా చక్రాల ట్రాలీ తోసుకెళ్లండి. కొన్నిరకాల షుగర్ మాత్రలు వేసుకుని నాలుగు గంటలు నడిస్తే షుగర్ పడిపోవచ్చు, అందుకని ముందు డాక్టర్‌ని అడగండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. ఎండాకాలంలో తెల్లారగానే మొదలుపెట్టి 9 హోల్స్‌తో ఆపేయండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా ఆయన శనివారం వస్తే చాలు గోల్ఫ్ అంటూ వెళ్లిపోతారు, అడిగితే ఆరోగ్యం కోసమంటారు. పొట్ట మాత్రం అలాగే ఉంది!
– ఓ పాఠకురాలు

జవాబు: కార్ట్‌లో, అంటే గోల్ఫ్ మైదానంలో తిరిగే చిన్న బండిలో తిరుగుతున్నారేమో కనుక్కోండమ్మా, అమెరికాలో ఎక్కువమంది చేసే పని అదే. కార్ట్ ఎక్కితే నడక బాగా తగ్గిపోతుంది, ఆట అయ్యాక బీరూ చిప్సూ తోడైతే ఇక చెప్పేదేముంది. ఈసారి మీరూ వెంట వెళ్లి, ఇద్దరూ నడిచే ఆడదామనండి. వద్దంటే ఆ ఆరోగ్యం ఏపాటిదో మీకే తెలిసిపోతుంది.