కాలిన మచ్చ మీద మానని పుండు... స్కిన్ క్యాన్సర్ కావచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బాపుకు 64 ఏళ్లు, వ్యవసాయం చేస్తడు. చిన్నప్పుడు వేడినీళ్లు పడి మోకాలి కింద కాలిన మచ్చ ఉంది. పోయిన ఉగాదప్పుడు ఆ మచ్చ మీదే పుండు లేచింది. ఆర్‌ఎంపీ దగ్గర కట్లు కట్టించినం, ఆకు పసరు పెట్టినం. మానలేదు. షుగర్ లేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఫొటో చూసి స్కిన్ క్యాన్సరేమో, ఇక్కడ చాలామందికి వస్తదంటున్నడు. ఊళ్లో వాళ్లు మన నల్ల తోలుకు అది రాదంటున్నరు. టెన్షన్‌గా ఉంది. ఏది నిజం?

జవాబు: అమెరికాలో చాలామందికి వస్తుందని మీ తమ్ముడు చెప్పింది నిజమే. ఊళ్లోవాళ్ల మాట కూడా చాలావరకు నిజమే. కానీ ఆ మాటల మీద కూర్చోకుండా ఈ వారమే నాన్నగారికి ముక్క పరీక్ష, అంటే బయాప్సీ చేయించండి.

మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాకుండా చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ముఖ్యమైనవి చర్మం పై పొర కణాల్లో పుట్టే బేసల్ సెల్, స్క్వామస్ సెల్ రకాలు. అమెరికాలో 2012లో ఒక్క ఏడాదిలోనే 33 లక్షల మందికి ఇవి వచ్చాయని అంచనా. మిగతా క్యాన్సర్లన్నీ కలిపినా అక్కడ అంతమంది ఉండరు. తెల్ల చర్మానికి ఎండ దెబ్బే ప్రధాన కారణం. మన చర్మంలో నల్ల రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి బత్తాయి తోటల్లో, వరి నాట్లలో జీవితమంతా ఎండకు ఎండినా మన రైతులకు ఇవి అరుదు. మన దేశంలో అన్ని క్యాన్సర్లలో చర్మానిది దాదాపు నూటికి ఒకటి, చాలాచోట్ల అంతకన్నా తక్కువే.

అయితే మెలనిన్ కాపాడేది ఎండ నుంచే. మన దగ్గర స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఎండ తగలని చోట కూడా వస్తుంది. పాత కాలిన మచ్చలో, ఏళ్ల తరబడి మానని పుండులో, పంచె గానీ చీర కింది లంగా బొందు గానీ బిగించి కట్టే నడుము దగ్గర కూడా. కశ్మీర్‌లో చలికి నిప్పుల కుంపటిని ఒంటికి ఆనించుకునే వాళ్లకు పొట్ట మీద, తొడల మీద వస్తుంది. కాలిన మచ్చలో పుట్టే దాన్ని మార్జోలిన్ అల్సర్ అంటారు. కాలిన 20, 30 ఏళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. మీరు రాసింది చదవగానే నాకు ముందు తట్టింది ఇదే.

కట్టు విప్పినప్పుడు పుండు అంచులు చూడండి. మానే పుండుకు అంచు పల్చబడి లోపలికి చర్మం పాకుతుంది. క్యాన్సరైతే అంచు గట్టిగా, కాలీఫ్లవర్‌లా పైకి లేస్తుంది, తాకితే రక్తం కారుతుంది, వాసన వస్తుంది. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా చూడాలి. ఎండ వల్ల వచ్చే రకం కంటే ఇది త్వరగా పాకుతుంది. అందుకే ఇంకో నెల ఆగుదామనుకోవద్దు. తొందరగా దొరికితే చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి కోసి తీసేసి, తొడ చర్మం అతికిస్తారు. ఆలస్యమైతే కాలే తీయాల్సి రావచ్చు.

నాన్నగారి పుండు మొండి ఇన్ఫెక్షనో, చర్మ క్షయో కూడా కావచ్చు. ఫొటో చూసి మీ తమ్ముడే కాదు, నేనూ తేల్చలేను. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతోనే చాలామంది నెలలు పోగొట్టుకుంటున్నారు. ఆ భయం వద్దు. మత్తు సూది వేసి అంచు దగ్గర రెండు మూడు చోట్ల చిన్న ముక్కలు తీస్తారు, అంతే.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి గానీ, బీబీనగర్ ఎయిమ్స్‌కు గానీ తీసుకెళ్లండి. క్యాన్సరని తేలితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది, ఆరోగ్యశ్రీ కూడా వర్తిస్తుంది. అప్పటిదాకా పసరు మానేసి, కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. నాన్నగారు గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పరీక్షకు ముందే డాక్టర్‌కు చెప్పండి.