షిల్కా లాంటి పాత గన్‌లను అప్‌గ్రేడ్ చేయడం దండగ ఖర్చేనా?

"అరవై ఏళ్ల నాటి డిజైన్‌కి కొత్త రాడార్ తగిలించి ఇంకొన్నేళ్లు లాగడం దేనికి, ఆ డబ్బుతో కొత్తవే కొనొచ్చుగా" అని అడిగారు. సైన్యంలో ఎయిర్ డిఫెన్స్ బండ్లు రిపేరు చేసే వర్క్‌షాప్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం షిల్కాల మీదే. బయట చెప్పకూడనివి ఎలాగూ చెప్పను, మిగతాది చెప్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. షిల్కా అంటే కిందగా వచ్చే విమానాలు, హెలికాప్టర్లను కాల్చడానికి సోవియట్ వాళ్లు 1960లలో దించిన, ట్యాంకులా ట్రాకుల మీద నడిచే బండి. బరువు 19 టన్నులు, టరెట్‌లో (పైన తిరిగే భాగంలో) నాలుగు 23 మిల్లీమీటర్ల గన్‌లు, వెనకవైపు రాడార్ డిష్. నాలుగూ కలిపి నిమిషానికి దాదాపు 3,400 గుండ్లు కాలుస్తాయి, బండిలో పట్టేవేమో 2,000. ట్రిగ్గర్ మీద వేలు తీయకపోతే ముప్పై అయిదు సెకన్లలో మొత్తం ఖాళీ, అందుకే చిన్న చిన్న బరస్ట్‌లుగా కొట్టాలి.

ఇలాంటి బండిలో ఇనుము అంత తొందరగా ముసలిదవదు. బ్యారెల్ అరిగితే మారుస్తాం, ట్రాకు లింకులు మారుస్తాం, హల్, అంటే బండి ఒళ్లు మాత్రం గట్టిగానే ఉంటుంది. ముందు పోయేది ఎలక్ట్రానిక్స్. పాత రాడార్‌లో వాడింది వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు బల్బుల్లాంటివి), లెక్కలు వేసేది అనలాగ్ కంప్యూటర్, ఎండాకాలం మధ్యాహ్నం హ్యాచ్ మూసుకుని వాటి పక్కన కూర్చుంటే ఆ వేడి ఏంటో తెలుస్తుంది. వాల్వులు తయారుచేసేవాళ్లు ఎప్పుడో మానేశారు కాబట్టి కొన్నాళ్లకి ఒక బండిలోది పీకి ఇంకో బండికి వేయడమే పనవుతుంది, అలా పీకుతూ పోతే మూలన నిలబెట్టిన బండ్లు పెరుగుతాయి. లిస్టులో చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయనుకోండి, అది వేరే కథ. పైగా ఆ రాడార్‌కి పుట్టుకతోనే ఒక లోపం ఉంది, టార్గెట్ బాగా కిందగా వస్తే నేల మీది నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌లో కలిసిపోయి కనపడదు.

మన దగ్గర ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) చేసిన అప్‌గ్రేడ్ సరిగ్గా వీటి మీదే పెట్టారు. వాల్వుల బదులు సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లు, చిప్‌లతో నడిచే) రాడార్, అనలాగ్ పెట్టె తీసేసి డిజిటల్ కంప్యూటర్, రాడార్ ఆపేసినా గురి పెట్టగలిగేలా పగలూ రాత్రీ పనిచేసే కెమెరాలు, దూరం కొలిచే లేజర్ రేంజ్ ఫైండర్. పాత ఇంజిన్ 280 హార్స్‌పవర్‌ది, దాన్నీ మార్చారు. నన్నడిగితే వీటన్నిటిలో కెమెరాయే పెద్ద లాభం. రాడార్ ఆన్ చేశామంటే మనం ఎక్కడున్నామో అవతలివాడికి తెలిసిపోతుంది, కెమెరాతో ఆ టెన్షన్ లేదు. పోలండ్ వాళ్లు ఇంకో అడుగు వేసి తమ 'బియావా' మోడల్‌లో రాడారే పీకేశారు, కెమెరాలు పెట్టి పక్కన చిన్న మిసైళ్లు తగిలించారు.

అయితే అప్‌గ్రేడ్ అనగానే అందరూ కొత్త పెట్టెల గురించే మాట్లాడతారు, వైరింగ్ ఎవరికీ గుర్తుండదు. పాత కేబుల్ కొంచెం వంచితే చాలు, పైతొడుగు పెళుసుగా విరిగి రాలుతుంది. వానాకాలం తర్వాత కనెక్టర్ విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము. టరెట్ గుండ్రంగా తిరిగినా కరెంటు, సిగ్నల్ తెగకుండా కింద ఒక స్లిప్ రింగ్ ఉంటుంది, అది అరిగితే ఎంత ఖరీదైన కంప్యూటర్ పెట్టినా స్క్రీన్ మీద బొమ్మ వణుకుతూనే ఉంటుంది. కొత్త పెట్టెకీ పాత తీగకీ అతుకు పడిన చోటే ఫాల్ట్ వస్తుంది, అది బండి కదులుతున్నప్పుడు మాత్రమే వచ్చి వర్క్‌షాప్‌లోకి రాగానే మాయమవుతుంది, దాన్ని పట్టుకునేసరికి తల ప్రాణం తోకకి వస్తుంది. కాబట్టి కేబుల్ హార్నెస్ (బండిలోని తీగల కట్ట) మొత్తం మార్చని అప్‌గ్రేడ్ నా లెక్కలో సగం పనే.

ఇక అప్‌గ్రేడ్ మార్చలేనిది రేంజ్. ఆ 23 మిల్లీమీటర్ల గుండు పనికొచ్చేది రెండున్నర కిలోమీటర్ల దాకానే. యాంటీ ట్యాంక్ మిసైల్ ఉన్న హెలికాప్టర్ అంతకంటే దూరంలోనే ఆగి కొట్టి వెళ్లిపోతుంది. ఒకప్పుడు వీటి పనైపోయిందని చాలామంది అన్నది అందుకే, ఆ మాటలో తప్పూ లేదు. కానీ డ్రోన్లు వచ్చాక లెక్క మారింది. మెల్లగా, కిందగా, గుంపుగా వచ్చే చవక డ్రోన్ మీదికి ఖరీదైన మిసైల్ ఎన్నని వదులుతారు? 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ డ్రోన్లు పంపినప్పుడు షిల్కాలు, వాటితో పాటు జెడ్‌యూ-23, ఎల్-70 అనే లాక్కెళ్లే పాత విమాన విధ్వంసక గన్‌లు మళ్లీ పనిలోకి దిగాయి. ఎల్-70 అయితే స్వీడన్ బోఫోర్స్ వాళ్ల డిజైన్, షిల్కా కంటే పాతది, దాన్ని కూడా కెమెరాలు, కొత్త మోటార్లు పెట్టి బాగుచేశారు.

ఓసా, క్వాద్రత్ లాంటి సోవియట్ కాలపు విమాన విధ్వంసక మిసైల్ బండ్లని కూడా అప్‌గ్రేడ్ చేయడం దండగే కదా అని మీరు అడిగారు. అక్కడ మాత్రం నేను మీ పక్షమే. లాంచర్ బండిని ఎంత బాగుచేసినా లోపల పెట్టే మిసైల్‌కి షెల్ఫ్ లైఫ్ ఉంటుంది, ఇంధనం, బ్యాటరీ, సీళ్లు అన్నీ వయసుతో చెడతాయి, పరీక్షించి గడువు పెంచడం కొంతవరకే కుదురుతుంది. ఉక్రెయిన్ వాళ్లు తమ దగ్గరున్న సోవియట్ కాలపు బుక్ మిసైల్ లాంచర్ల మీద అమెరికా సీ స్పారో మిసైళ్లు ఎక్కించింది కూడా సొంత మిసైళ్లు అయిపోవస్తున్నాయనే, యుద్ధం నెత్తి మీద ఉంది కాబట్టి తప్పలేదు. మనకి హైదరాబాద్‌లోని బీడీఎల్ (భారత్ డైనమిక్స్)లో ఆకాశ్ విమాన విధ్వంసక మిసైల్ తయారవుతోంది, మిసైళ్ల డబ్బు అలాంటి కొత్తవాటికి పెట్టడమే మేలు. గన్‌ల విషయంలో మాత్రం కేబుళ్లతో సహా మార్చేటట్టయితే అప్‌గ్రేడ్‌కే నా ఓటు.