‘కౌంటీ సీట్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ చూసొచ్చిన గ్రే కౌంటీ గురించి మా కాలనీ పత్రికకు ఒక వ్యాసం రాశాను. ‘కౌంటీ సీట్’ను, అంటే కౌంటీ ఆఫీసులుండే ఊరిని, ‘కౌంటీ రాజధాని’ అంటే ఒకాయన తప్పన్నారు. ‘కౌంటీ సీటు’ అని మారిస్తే ఇంకొకరు ‘ఏ పార్టీకొచ్చింది?’ అని అడిగారు. ఏది సరైనది? అక్కడ ఆ సీటు ‘మారింది’ అనాలా, ‘తరలింది’ అనాలా?

సమాధానం: ఆ ఇంకొకరి తప్పేం లేదమ్మా. తెలుగులో సీటు అంటే బస్సులోదో, ఇంజనీరింగ్ కాలేజీలోదో, అసెంబ్లీదో. ఊరు గుర్తుకు రాదు. ‘రాజధాని’ దేశానికీ రాష్ట్రానికీ స్థిరపడిపోయింది. రాజు ఉండే చోటనే అర్థం ఏనాడో మరుగున పడినా, ‘జిల్లా రాజధాని’ అని మాత్రం మన నోట రాదు. పాత పుస్తకాల్లో ‘ముఖ్యపట్టణం’ కనిపిస్తుంది, అంతకు ముందు ‘కసబా’ ఉండేది. ఇప్పుడు అందరూ అనేది ‘జిల్లా కేంద్రం’. 2022లో రాయచోటిని కాదని రాజంపేటవాళ్లు ఆందోళన చేసింది కూడా ‘జిల్లా కేంద్రం’ కోసమే. కాబట్టి ‘కౌంటీ కేంద్రం’ అనండి, నిక్షేపంగా ఉంటుంది. కౌంటీని ‘జిల్లా’ చేయకండి. గ్రే కౌంటీ జనాభా మొత్తం సుమారు 6 వేలు, మన దగ్గర ఒక పెద్ద ఊరంత. జిల్లా అంటే చదివేవాళ్ల ఊహ ఎక్కడికో పోతుంది.

నన్నడిగితే కేంద్రం కన్నా ‘కచేరీ ఉన్న ఊరు’ అనడంలోనే అసలు సంగతి ఉంది. కచేరీ అంటే ఇక్కడ పాటలది కాదు, సర్కారు ఆఫీసు. కేంద్రమంటే నట్టనడుమ ఉండేదనిపిస్తుంది. కేంద్రమయ్యేది నడుమ ఉన్న ఊరు కాదు, దస్తరాలున్న ఊరు. కరణాల కాలంలో దస్తరమంటే నిజంగానే బట్టలో చుట్టిన కాగితాల కట్ట. అది ఎవరింట్లో ఉంటే ఊరి లెక్కంతా అక్కడే.

మీ గ్రే కౌంటీ కథే చూడండి. 1887లో కౌంటీ ఏర్పడగానే సిమరాన్, ఇంగల్స్ అనే రెండు ఊళ్లు కేంద్రం మాకంటే మాకని పోటీపడ్డాయి. వాటి మధ్య దూరం ఆరేడు మైళ్లు. ఇంగల్స్ వెనక ఏసా సోల్ ఉన్నాడు, ‘హాప్ బిటర్స్’ అనే సీసా మందు అమ్మి కోట్లు గడించిన న్యూయార్క్ రాష్ట్రపు ఆసామి. మాంటెజూమా అనే మూడో ఊరివాళ్ల ఓట్ల కోసం వాళ్లకు రైలు మార్గం వేయిస్తానన్నాడు. ఓట్ల లెక్క తేలక వ్యవహారం కోర్టుకెక్కింది. 1889 జనవరి 12న ఇంగల్స్ తరఫున కొందరు తుపాకులతో బండి కట్టుకుని సిమరాన్‌లో దిగారు. దగ్గర్లోని డాడ్జ్ సిటీ పట్టణంలో పోలీసు అధికారులుగా పేరు మోసిన బిల్ టిల్గ్‌మన్, జిమ్ మాస్టర్సన్ వాళ్లలో ఉన్నారు. కచేరీలో దూరి పుస్తకాలు మోసి బండిలో వేస్తుంటే ఊరు లేచింది. కాల్పుల్లో సిమరాన్ మనిషి ఒకడు చనిపోయాడు. బండి వెళ్లిపోయింది, కచేరీ లోపల చిక్కుకున్న కొందరు మాత్రం గంటల తరబడి బయటికి రాలేకపోయారు. ఆ తర్వాత కేంద్రం ఇంగల్స్. 1890లో సోల్ పోయాడు. 1893లో మళ్లీ సిమరాన్. ఇప్పటికీ అదే.

మన దగ్గర ఇంత రక్తపాతం లేదు కానీ, నది అడ్డొచ్చి కేంద్రం మారిన ఊరుంది. కడప జిల్లాకు మొదట 1808 నుంచి 1812 దాకా సిద్ధవటం కేంద్రం. పెన్నకు వరదొస్తే రాకపోకలు ఆగిపోయేవి. దాంతో కచేరీ కడపకు చేరింది.

ఇక ‘మారింది’, ‘తరలింది’. రెండూ ఒకటి కావు. హోదా మారుతుంది, మనుషులూ సామానూ తరలుతాయి. పెళ్లివారు తరలివస్తారు, పెళ్లివారు ‘మారితే’ వేరే గొడవ. వార్తల్లో రాసే ‘కేంద్రం తరలింపు’ కూడా ఆఫీసులను దృష్టిలో పెట్టుకున్న మాటే, ఫర్వాలేదు. మీ వ్యాసంలో మాత్రం రెండూ కావాలి: ‘1889లో ఇంగల్స్‌వాళ్లు దస్తరాలు తరలించుకుపోయారు, 1893లో కేంద్రం తిరిగి సిమరాన్‌కు మారింది.’ ‘తరలించారు’ అంటే సర్కారువారు చేసిన పనిలా ఉంటుంది. ‘తరలించుకుపోయారు’లో కాస్త దొంగతనం వాసన ఉంది. అక్కడ అది ఉండాలి.